సున్నా రోజు

మా పట్టణ కార్యాలయంలో పెండింగు అర్జీలు సున్నా అని ప్రజలందరికీ ఇందుమూలంగా సంతోషంతో తెలియజేస్తున్నాను. ఈ సంగతి తెలియజేసే అధికారం నాకుంది. వృత్తిరీత్యా నేను డ్రాయింగు మాస్టారిని. ప్రవృత్తిరీత్యా మా కార్యాలయం వారి 'సంతృప్తి చెందిన పౌరుణ్ణి'. తనిఖీ బృందం వచ్చినప్పుడల్లా కనీసం ఒక పౌరుడు సంతృప్తి చెంది ఉండాలని నియమం. ప్రతిసారీ కొత్తవాణ్ణి వెతకడం శ్రమ అని నన్నే శాశ్వత ప్రాతిపదికన నియమించారు. నాలుగేళ్ళుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, సంతృప్తి చెంది, టీ తాగి వస్తున్నాను.

ముందు ఆ సున్నా ఎలా వచ్చిందో చెబుతాను. నాలుగేళ్ళ కిందట గోడలకు రంగులు వేయడానికి కౌంటరును మూడు వారాలు మూసేశారు. జనం లోపలికి రాలేదు. జనం రాకపోతే గుమాస్తాలు ఎంత చురుగ్గా పనిచేయగలరో అప్పుడే లోకానికి తెలిసింది. పాత అర్జీలు కొన్నిటిని పరిష్కరించారు, కొన్నిటిని తిరస్కరించారు, మిగిలినవన్నీ ఒకదానికొకటి నకళ్ళని తేల్చి మూసేశారు. మూడో వారం బుధవారం మధ్యాహ్నం మూడూ నలభైకి తెర మీద పెండింగుల ఎదురుగా సున్నా కనిపించింది. అధికారి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన లేచారు కాబట్టి అందరూ లేచారు. 

సరిగ్గా ఆ సమయంలో, ఇవేవీ పట్టించుకోకుండా, ఇంజనీరమ్మ తన పనిలో భాగంగా ఒక స్నాప్‌షాట్ తీసింది.

ఇంజనీరమ్మ అంటే కార్యాలయంలో కంప్యూటర్ల మంచీచెడ్డా చూసుకునే మనిషి. మెట్ల కింద ఉన్న ఆమె గదిలో కంటికి కనిపించేది ఒకటే ఇనప పెట్టె. దాని లోపల నాలుగు యంత్రాలున్నాయని ఆమె అంటుంది. వాటిని వర్చువల్ మెషీన్లు అంటారట. ఒకే ఇంటిని నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చినట్టన్నమాట. గోడలు కనిపించవు గానీ ఎవరి కాపురం వాళ్ళదే. కౌంటరులో అర్జీలు తీసుకునేది ఒకటి, వాటిని బల్లలకు పంచేది ఒకటి, ఉత్తర్వులు తయారుచేసేది ఒకటి. పట్టణంలోని పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు, ఇళ్ళు, నోటీసులు అన్నీ గుర్తుపెట్టుకునే రికార్డుల యంత్రం నాలుగోది.

"స్నాప్‌షాట్ అంటే ఏంటమ్మా?" అని అధికారి గారు ఆ రోజే అడిగారు. గోడల రంగులు ఎంచిపెట్టడానికి నన్ను పిలిపించారు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను.

"ఈ క్షణంలో యంత్రం ఎలా ఉందో అలాగే గుర్తుంచుకోవడం సార్. ఏదైనా మార్పు చేస్తే, అది చెడితే, మళ్ళీ ఇక్కడికి వచ్చేయొచ్చు. కాకపోతే ఈలోపు జరిగిందంతా పోతుంది. ఇది రెండ్రోజులు ఉంచుకుని తీసేసేది సార్, దాచుకునేది కాదు."

అధికారి గారు మొదటి రెండు వాక్యాలు విన్నారు. పెద్ద పదవుల్లో ఉన్నవారికి అంతకంటే వినే తీరిక ఉండదు. సదరు స్నాప్‌షాట్‌ను ఎవరూ తొలగించరాదని, దాని పేరు 'సున్నా రోజు' అని, అది కార్యాలయపు స్థిరాస్తి అని ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది.

అప్పటి నుంచి తనిఖీ బృందం వచ్చిన ప్రతిసారీ మా కార్యాలయం సున్నా రోజుకు వెళ్తుంది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ ఈ రోజుకు వస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే చిందరవందరగా ఉన్నవన్నీ లోపలి గదిలోకి తోసి తలుపు వేయమా? అంతే.

ఈ రాకపోకలు క్షేమంగా జరగడానికి ఇంజనీరమ్మ ఒక అట్ట మీద తన చేత్తో రాసి గది తలుపుకు అంటించింది. కొత్త పని రాకుండా మొదట కౌంటరు యంత్రాన్ని ఆపాలి. తర్వాత పంచే యంత్రం, ఆ తర్వాత ఉత్తర్వుల యంత్రం, చేతిలో ఉన్న పని ముగించుకుని ఆగాలి. చిట్టచివర రికార్డుల యంత్రం. నాలుగూ వాటంతట అవి పడుకున్నాకే ఈ రోజుకు స్నాప్‌షాట్ తీయాలి. అది తీశాకే సున్నా రోజుకు వెళ్ళాలి. అట్ట అడుగున ఎర్ర సిరాతో 'వైరు పీకరాదు' అని ఉంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఎర్ర సిరా వాడిందంటే అది ఎంత ముఖ్యమో అర్థం చేసుకోవాలి. మేము చేసుకోలేదు.

తిరిగి వచ్చాక, పెట్టె నిండిపోకుండా, ఆమె ఆ పూట తీసిన స్నాప్‌షాట్‌ను చెరిపేసేది. సున్నా రోజు మాత్రం స్థిరాస్తి కదా, అలాగే ఉండేది. స్నాప్‌షాట్‌ను నమ్ముకోకూడదని, అన్నిటికీ వేరే చోట ఒక నకలు ఉండాలని ఆమె మూడేళ్ళ కిందటే అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీ పెండింగులో ఉంది. మా కార్యాలయంలో పెండింగులు లేవు కాబట్టి ఆ అర్జీ కూడా లేదు.

హెడ్ క్లర్కు గారి చూపు ఆ అట్ట మీద పడేదాకా అంతా సవ్యంగానే నడిచింది. ఆయనకు మర్యాద అంటే ప్రాణం. ఎవరి ముందు ఎవరు కూర్చోవచ్చో, ఎవరి ఫైలు మీద ఎవరి ఫైలు పెట్టవచ్చో ఆయనకు కంఠతా వచ్చు. నాలుగు యంత్రాలకూ హోదాలు ఇప్పించింది కూడా ఆయనే. రికార్డుల యంత్రం 'అధికారి', ఉత్తర్వుల యంత్రం 'ఉప అధికారి', పంచేది 'గుమాస్తా', కౌంటరుది 'జవాను'. అట్ట చదివేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"ఏంటమ్మా ఇది? జవాను ముందు వెళ్ళిపోవడమేంటి? అధికారి చివరిదాకా ఉండి లైట్లార్పుకుని పోవడమేంటి? మన ఆఫీసులో అధికారి గారు లేవకముందు ఎవరైనా లేచారా?"

"సార్, రికార్డుల యంత్రం ముందే వెళ్ళిపోతే మిగతావి చేతిలో ఉన్న పని ఎవరికి అప్పజెప్తాయి?"

"మన ఆఫీసులో రోజూ జరిగేది అదే కదమ్మా. అధికారి గారు నాలుగింటికే వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళలో ఏమైంది?"

 మర్నాడే సర్క్యులర్ వచ్చింది. ఇకపై యంత్రములు హోదా క్రమమున నిష్క్రమించవలెను, అధికారి యంత్రము ముందుగా వెడలును, తక్కినవి అంతవరకు నిలబడి ఉండవలెను అని. దాన్ని తీసుకెళ్ళి అట్ట మీదే అంటించారు. ఎర్ర సిరా కూడా దాని కిందికి పోయింది. ఇంజనీరమ్మ దాని మీద సంతకం పెట్టి, తన పాత క్రమంలోనే ఆపుతూ వచ్చింది. కార్యాలయాలు ఇలాంటి అవిధేయుల వల్లే నడుస్తాయి కాబట్టి నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఇక టైలరమ్మ సంగతి. మా వీధి మొగలో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ. ఆవిడ కూతురు చిట్టికి పదిహేనేళ్ళు. కార్యాలయం రికార్డు ప్రకారం మాత్రం నలభై ఐదు. పుట్టిన సంవత్సరం టైపు చేసినవారు ఏ ధ్యాసలో ఉన్నారో తెలియదు. టైలరమ్మకు నలభై రెండు. ఆ లెక్కన కూతురు తల్లికన్నా మూడేళ్ళు పెద్దది. సాంకేతిక పాఠశాలలో చేరాలని చిట్టి కోరిక. పదేళ్ళప్పుడే కుట్టుమిషను మోటారు విప్పి, మళ్ళీ బిగించి, ఒక్క మర కూడా మిగల్చని పిల్ల. ఆ పాఠశాలలో పదహారు దాటినవాళ్ళను తీసుకోరు. తప్పు సరిదిద్దమని టైలరమ్మ పదకొండు నెలలు కాళ్ళరిగేలా తిరిగింది.

"పిల్ల వయసే తప్పని ఎలా చెప్పగలమమ్మా? నీ వయసు తప్పేమో. ముందు నువ్వు దానికన్నా పెద్దదానివని రుజువు పట్రా" అన్నారు కౌంటరులో.

ఆవిడ ఆసుపత్రి కాగితం తెచ్చింది, బడి కాగితం తెచ్చింది, చివరికి చిట్టినే తెచ్చి నిలబెట్టింది. గుమాస్తా చిట్టిని ఎగాదిగా చూసి, నలభై ఐదేళ్ళ మనిషి అలా కనిపించడం మెచ్చుకోదగ్గ విషయమన్నాడు. ఎట్టకేలకు ఒక గురువారం సాయంత్రం, పట్టువదలని ఆవిడ మొహం చూసి విసుగెత్తి, సంవత్సరం సరిదిద్దుతూ ఉత్తర్వు ఇచ్చారు. పాఠశాల దరఖాస్తుకు శనివారం ఆఖరు రోజు.

మాది కాగితరహిత కార్యాలయం. అందుకని ఒక రోజు వెలువడిన ఉత్తర్వులన్నిటినీ ఒకే కాగితం మీద అచ్చువేసి, అందులో పేరున్న వారందరికీ అదే కాగితం పంపుతారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. చెడ్డ కబురైతే జవాను ఇంటికి తెచ్చిస్తాడు. మంచి కబురైతే మనమే కౌంటరుకు వెళ్ళాలి, వెళ్ళినప్పుడే అచ్చువేస్తారు. ఆ గురువారం జాబితాలో పన్నెండు అంశాలున్నాయి. మొదటి పదకొండూ వీధిలోకి కట్టుకున్న మెట్లు, అరుగులు, గదులు కూల్చుకోమని పదకొండు మందికి హెచ్చరికలు. పన్నెండోది చిట్టి పుట్టిన సంవత్సరం.

శుక్రవారం పొద్దున్నే జవాను నాకు ఆ కాగితం తెచ్చిచ్చాడు. నాది నాలుగో అంశం. నా బాల్కనీ వీధిలోకి నాలుగడుగులు వచ్చిందని, పదిహేను రోజుల్లో తీసేయాలని ఉంది. బాల్కనీ వీధిలోకి రాకపోతే ఇంట్లోకి వస్తుందా? నాలుగో అంశం నాలుగుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, సంతృప్తి చెందడానికి కార్యాలయానికి బయలుదేరాను. ఆ రోజు తనిఖీ ఉంది. అందుకని కౌంటరు మూసేశారు. బయట బల్ల మీద టైలరమ్మ కూర్చుని ఉంది.

"అయిపోయింది మాస్టారూ, కాగితం తీసుకోవడమే మిగిలింది. వాళ్ళు వెళ్ళాక ఇస్తామన్నారు" అంది. ఆ మొహంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు.

తనిఖీ బృందానికి పూలగుత్తి ఇచ్చి స్వాగతం పలకడానికి ఆడమనిషి ఉంటే బాగుంటుందని హెడ్ క్లర్కు గారికి తోచింది. కార్యాలయంలో ఉన్న ఒక్క ఆడమనిషి ఇంజనీరమ్మ. యంత్రాలు ఆపే పని ఉందని ఆమె చెప్పబోయింది. "అదెంత పని, సర్క్యులర్ నేనే రాశాను కదా" అని ఆయన ఆమెను గేటు దగ్గర నిలబెట్టి, నన్ను తోడు తీసుకుని మెట్ల కింద గదిలోకి వచ్చారు.

ఆయన సర్క్యులర్ ప్రకారం ముందుగా అధికారి యంత్రానికి వీడ్కోలు పలికారు. ఆ తర్వాత మిగతా మూడిటినీ ఆగమన్నారు. అవి ఆగలేదు. మూడిటి తెరల మీదా 'రికార్డుల కోసం నిరీక్షిస్తున్నది' అని ఒకటే మాట. హెడ్ క్లర్కు గారి కళ్ళు చెమర్చాయి. "చూశారా మాస్టారూ క్రమశిక్షణ! వెళ్ళిపోయిన అధికారి కోసం ఇంకా నిలబడే ఉన్నాయి" అన్నారు. బయట కారు హారన్ వినిపించింది. నిరీక్షణ ఆగలేదు. ఆయన వంగి వైరు పీకారు.

మళ్ళీ పెట్టాక యంత్రం కాస్త గొణిగి, 'ప్రస్తుత స్థితిలో లోపాలున్నవి' అంది. సున్నా రోజుకు పదమంటే ఒక ప్రశ్న వేసింది: 'వెళ్ళే ముందు ప్రస్తుత స్థితిని భద్రపరచాలా?' కింద అవును, కాదు అని రెండు మీటలు.

"ఏమంటారు మాస్టారూ?" అన్నారు హెడ్ క్లర్కు గారు.

ఇంజనీరమ్మ చెప్పిన మూడో వాక్యం నేను విన్నాను. నాకు పెద్ద పదవి లేదు కాబట్టి పూర్తిగా విన్నాను. నా చెయ్యి జేబు మీద ఉంది. జేబులో కాగితం ఉంది.

"లోపాలున్నాయని అదే ఒప్పుకుంటోంది కదండీ. లోపాలను భద్రపరచడమెందుకు?" అన్నాను.

మా కార్యాలయపు ప్రస్తుత స్థితిని భద్రపరచాలని ఆయనకు మాత్రం ఎందుకు అనిపిస్తుంది? 'కాదు' నొక్కారు.

తనిఖీ దివ్యంగా జరిగింది. తెర మీద సున్నా ముత్యంలా మెరిసింది. బృంద నాయకుడు లేచి, "ఒక కార్యాలయం నాలుగేళ్ళుగా ఒక్క పెండింగు కూడా లేకుండా ఒకే స్థాయిలో, ఒకే అంకె మీద నిలబడిందంటే అది సామాన్యమైన నిశ్చలత కాదు! ఈ నిశ్చలత దేశమంతా వ్యాపించాలి!" అన్నారు. అధికారి గారు వినయంగా తల వంచుకున్నారు. నేను సంతృప్తి చెందాను. అందరం టీ తాగాం.

పూలగుత్తి ఇచ్చేసి కిందికి వచ్చిన ఇంజనీరమ్మ ఈ రోజుకు తిరిగి వెళ్దామని చూస్తే, ఈ రోజు లేదు. ఆమె సర్క్యులర్‌ను ఒక మూల నుంచి మెల్లగా ఊడదీసి, కింద ఉన్న అట్టను కాసేపు చూసి, "ఎర్ర సిరాతో కూడా రాశానండీ" అంది. అంతే.

ఆ విధంగా మా పట్టణంలో నాలుగేళ్ళు పోయాయి. నాలుగేళ్ళ లోపు పిల్లలు ఇంకా పుట్టలేదు. ఆ మధ్య పోయినవారు తిరిగి బతికి, కొందరు ఓటర్ల జాబితాలో కూడా కూర్చున్నారు. ఇదంతా యంత్రాల వ్యక్తిగత వైఫల్యమని అధికారి గారు విచారం వ్యక్తం చేశారు. పౌరులు తమ వద్ద ఉన్న కాగితాలు తెచ్చి గత నాలుగేళ్ళను కార్యాలయానికి తిరిగి ఇచ్చి సహకరించగలరని సాయంత్రానికి ప్రకటన వెలువడింది. ఎవరి కాగితం వాళ్ళు తెస్తే అప్పటికప్పుడు ఎక్కిస్తానంది ఇంజనీరమ్మ.

జనం మంచివాళ్ళు. కన్నవాళ్ళు పిల్లల కాగితాలు పట్టుకుని బారులు తీరారు. దంపతులు పెళ్ళి కాగితాలు తెచ్చారు. కొందరు మాత్రం, అది తేవడం తప్పనిసరా అని విడివిడిగా వచ్చి అడిగి వెళ్ళారు. నోటీసులు అందుకున్నవాళ్ళు ఒక్కరు కూడా రాలేదు. పైగా వాళ్ళంతా కలిసి అధికారి గారికి అభినందన సభ తలపెట్టారు. అభినందన పత్రం రాసే బాధ్యత నాకు అప్పగించారు. నేను ఎంతో ఇష్టంగా రాశాను.

శనివారం మధ్యాహ్నం ఎండలో ఇంజనీరమ్మ, టైలరమ్మ, చిట్టి మా ఇంటికి వచ్చారు. అప్పటికే పది ఇళ్ళు తిరిగారట. పది ఇళ్ళలోనూ కాగితం ఎక్కడ పెట్టారో కనబడలేదట.

"మాస్టారూ, గురువారం జాబితా మీకు ఇచ్చానని జవాను అంటున్నాడు" అంది ఇంజనీరమ్మ. "దాంట్లో పన్నెండో అంశం చిట్టిది. ఒక్క కాపీ దొరికితే ఇప్పుడే ఎక్కించేస్తాను. ఐదింటిదాకా టైముంది."

అప్పుడు తెలిసింది నాకు పన్నెండో అంశం సంగతి. అంతవరకు నేను నాలుగు దాటి చదవలేదు.

"పన్నెండోది ఒక్కటే ఎక్కిస్తారా?" అని అడిగాను.

"లేదండీ. ఎక్కిస్తే పేజీ మొత్తం ఎక్కించాలి. మీకు అబద్ధం చెప్పను."

నేను నీళ్ళు నమిలాను. ఎక్కడ పెట్టానో చూడాలన్నాను. ఇంట్లోకి వెళ్ళి, బీరువా తలుపు చప్పుడయ్యేలా తెరిచి, చప్పుడయ్యేలా మూసి, వచ్చి చేతులు ఆడించాను. నాకు సిగ్గేసింది. సిగ్గేసిన మాట నిజం.  చిట్టి తలెత్తి పైకి చూసింది.

"మీ బాల్కనీ కింద నీడ బాగుంది మాస్టారూ. వీధిలో ఇంకెక్కడా లేదు" అంది.

కాస్త నీడ పట్టున నిలబడి, మంచినీళ్ళు తాగి వెళ్ళారు. మిగిలిన పది మందిలో ఎవరో ఒకరు ఇస్తారులే అని నేను సాయంత్రం దాకా ఎదురుచూశాను. వాళ్ళూ అలాగే నా కోసం ఎదురుచూశారని తర్వాత తెలిసింది.

ఐదింటికి పది నిమిషాల ముందు టైలరమ్మ పాత కాగితంతోనే పాఠశాలకు పరుగెత్తింది. నలభై ఐదేళ్ళ వారికి వయోజన విభాగం ఉందని అక్కడివాళ్ళు ఆదరంగా చెప్పారు. పరీక్ష అదే. కాకపోతే గెలిస్తే సీటు ఉండదు, ప్రశంసాపత్రం ఉంటుంది. చిట్టి అందులోనే రాసింది. అన్ని విభాగాలూ కలిపి మొదటి స్థానం వచ్చింది.

దాంతో అభినందన సభ రెండింతలైంది. అధికారి గారు చిట్టికి ప్రశంసాపత్రం అందిస్తూ, "సంసార బాధ్యతలు తీరిన వయసులో ఈ సోదరి చూపిన పట్టుదల నేటి యువతకు కనువిప్పు! మా కార్యాలయం రికార్డులే ఈమెకు ఈ అవకాశం కల్పించాయని చెప్పుకోవడానికి గర్విస్తున్నాను!" అన్నారు. ఆ సోదరి రెండు జడలు వేసుకుని, తల్లి కుట్టిన కొత్త గౌనులో నిలబడి ఉంది. ముందు వరసలో మేము పదకొండు మందిమీ కూర్చున్నాం. చివరి వరసలో టైలరమ్మ పక్కన ఇంజనీరమ్మ కూర్చుంది.

చిట్టిని మాట్లాడమన్నారు. "నేను మా అమ్మకన్నా పెద్దదాన్నట కదా, కాబట్టి పెద్దదానిగా ఒక మాట చెప్తాను. నాకు నిజంగా పదిహేను. వచ్చే ఏడు పదహారు. అదే ఆఖరి ఛాన్సు. ఆ కాగితం ఎవరిదగ్గరైనా ఉంటే చింపేయకండి, జాగ్రత్తగా దాచండి. ఏడాది టైముంది" అంది.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టాం. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది నేనే. మా పదకొండు మందిలో ఒక్కరు తీసుకెళ్ళి ఇస్తే చాలు, ఆ పిల్ల వయసు ఆ పిల్లకు వచ్చేస్తుంది. అందరం ఆ ఒక్కరి కోసమే చూస్తున్నాం. చదువుతున్న మీరు కూడా ఒకసారి మీ బీరువాలో వెతకండి, ఇలాంటి కాగితం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నేను మాత్రం నా బీరువా వెతకలేదు. ఎక్కడుందో నాకు తెలుసు.